ఎమర్సన్ కాగితాలు: డైరీలోని మాటను ఎలా చదవాలి?

భగవద్గీతను మెచ్చుకున్న విదేశీయుల జాబితా ఎక్కడ కనిపించినా అందులో అమెరికన్ రచయిత రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ పేరు ఉంటుంది. గీత పుణ్యమా అని తనకూ తన మిత్రుడికీ ఒక మహత్తరమైన రోజు దక్కిందని, అది గ్రంథాల్లోకెల్లా మొదటిదని, ఒక సామ్రాజ్యమే తమతో మాట్లాడినట్టు తోచిందని ఆయన అన్నాడని చెబుతారు. ఆ మాట ఆయనదే, కల్పన కాదు. అయితే అది ఆయన వేదిక మీద చెప్పింది కాదు, వ్యాసంగా రాసి పత్రికకు పంపిందీ కాదు. 1848 అక్టోబరు 1న డైరీలో రాసుకున్న వాక్యం. ఆ డైరీలను ఆయన కొడుకు, మనుమడు కలిసి 1909–1914 మధ్య సంపుటాలుగా అచ్చు వేయించారు. అప్పటికి ఆయన చనిపోయి పాతికేళ్లు దాటింది.

ఇదే మనిషి 1845 జూన్‌లో ఎలిజబెత్ హోర్ అనే స్నేహితురాలికి రాసిన ఉత్తరం ఒకటుంది. గీత ప్రతి మొదటిసారి తన చేతికి వచ్చిందని సంబరపడుతూ, దాన్ని ‘బౌద్ధమతపు సుప్రసిద్ధ గ్రంథం’ అని పరిచయం చేశాడు. జాబితాలు తయారుచేసేవారు ఈ ఉత్తరం జోలికి పోరు. రెండూ ఒకే చేతిరాత, మధ్య మూడేళ్ల తేడా. ఎమర్సన్‌కు గీత గురించి ఏమి తెలుసు అన్న ప్రశ్నకు ఏ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలి? ఒక రచయిత వ్యక్తిగత పత్రాల చుట్టూ ఉన్న చిక్కులన్నీ ఇలాంటి ప్రశ్నతోనే మొదలవుతాయి.

పాస్టరు ఉద్యోగం వదిలినా కాగితాలు వదలని మనిషి

1803లో బోస్టన్‌లో ఎమర్సన్ పుట్టాడు. తండ్రి ఆ నగరపు మొదటి చర్చిలో పాస్టరు. కొడుకు కూడా హార్వర్డ్‌లో చదివి, 1826లో ప్రసంగించేందుకు అనుమతి పొంది, 1829లో బోస్టన్ రెండో చర్చిలో యూనిటేరియన్ (త్రిత్వాన్ని కాదని దేవుడు ఒక్కడేనని నమ్మే క్రైస్తవ శాఖ) పాస్టరు అయ్యాడు. మూడేళ్లకే తప్పుకున్నాడు. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనాన్ని క్రీస్తు శాశ్వతమైన ఆచారంగా నెలకొల్పాడని తాను నమ్మడం లేదని 1832 సెప్టెంబరులో సంఘం ముందే చెప్పాడు. నమ్మకం లేని సంస్కారాన్ని జరిపించలేనని రాజీనామా చేశాడు. తర్వాత కాంకర్డ్ అనే ఊళ్లో స్థిరపడి ఉపన్యాసాలు ఇస్తూ, వ్యాసాలు, కవితలు రాస్తూ 1882 వరకు జీవించాడు.

వారం వారం ప్రసంగం రాయడమూ, శీతాకాలమంతా ఊరూరా తిరిగి ఉపన్యసించడమూ రెండూ కాగితం మీద బతికే వృత్తులు. 1820లో, హార్వర్డ్ విద్యార్థిగా, పదహారేళ్ల వయసులో మొదలుపెట్టిన డైరీని ఆయన దశాబ్దాలపాటు ఆపలేదు. దేన్నీ పారేసే అలవాటు కూడా లేదు.

‘వ్యక్తిగత పత్రాలు’ అన్నప్పుడు అందులో ఏమేమి ఉంటాయి

చాలామంది డైరీలూ ఉత్తరాలే అనుకుంటారు. ఎమర్సన్ పెట్టెల్లో అవి ఒక భాగం మాత్రమే. పాస్టరు రోజుల ప్రసంగాలు, ఏ ప్రసంగాన్ని ఏ ఊరి చర్చిలో ఎప్పుడు చెప్పాడో రాసుకున్న పద్దు, ఉపన్యాసాల ప్రతులు, చదివిన పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న భాగాలు, కవితల చిత్తుప్రతులు, ఇంటి జమాఖర్చుల పుస్తకాలు కూడా ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగం ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు హౌటన్ గ్రంథాలయంలో ఉంది.

ఉత్తరాల సంగతి మొదట్లో తికమక పెడుతుంది. ఒక మనిషి ఇంట్లో మిగిలేవి అతనికి వచ్చిన ఉత్తరాలు. అతను రాసినవి అవతలివాళ్ల ఇళ్లకు చేరిపోయాయి. బ్రిటిష్ రచయిత, మిత్రుడు కార్లైల్‌కు ఎమర్సన్ ఏమి రాశాడో తెలియాలంటే కార్లైల్ ఉత్తరాల పెట్టె తెరవాలి. అందుకే ఎమర్సన్ ఉత్తరాలను పోగుచేయడం ఒక తరంతో తెమలలేదు. 1939లో ఆరు సంపుటాలు వెలువడితే, కొత్తగా దొరికినవాటితో 1990లలో మరో నాలుగు చేరాయి.

ఒక్కో రకం కాగితాన్ని ఒక్కో రకంగా చదవాలి. ప్రసంగం సంఘంలోని పెద్దల ముందు, తల్లుల ముందు, పిల్లల ముందు నిలబడి చదవడానికి రాసింది. ఉత్తరం ఒక్కరి కోసం రాసింది. పద్దు పుస్తకం ఎవరి కోసమూ రాయలేదు, కాబట్టి అబద్ధం చెప్పే అవసరం దానికి అందరికన్నా తక్కువ. మరి డైరీ ఎవరి కోసం? ఎమర్సన్ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు చాలామంది ఊహించేది కాదు.

కొట్టివేతకు అర్థం ‘వద్దు’ కాదు, ‘వాడేశాను’

డైరీ అనగానే తలుపు వేసుకుని మనసు విప్పుకునే చోటు అనుకుంటాం. ఎమర్సన్ డైరీని తన ‘పొదుపు బ్యాంకు’ అన్నాడు. సంపాదించినదంతా అక్కడ జమ చేస్తానని, ఈరోజు దొరికిన భిన్నానికి రేపు మరో భిన్నం తోడై పూర్ణాంకం అవుతుందని రాసుకున్నాడు. నోటు పుస్తకాలకు ఏ, బీ, సీ అంటూ అక్షరాలు ఇచ్చాడు. ఏ విషయం ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో వెతుక్కోవడానికి సూచికలు తయారుచేసుకున్నాడు. ‘స్నేహం’ మీద ఉపన్యాసం కావాలంటే సూచిక తిరగేసి, పదేళ్లలో స్నేహం గురించి రాసుకున్న ముక్కలన్నీ ఏరి, కలిపి కుట్టేవాడు. ఆ ఉపన్యాసాన్ని కొన్ని ఊళ్లలో చెప్పాక చెక్కి వ్యాసం చేసేవాడు.

ఈ పద్ధతి తెలియకుండా ఆ పేజీలు తెరిస్తే అపార్థం తప్పదు. చాలా భాగాల మీద నిలువుగా గీతలు కొట్టి ఉంటాయి. చూసినవాళ్లు, ఆయన తిరస్కరించిన ఆలోచనలు కాబోలు అనుకుంటారు. నిజానికి అవి వాడుక గుర్తులు. ఆ భాగాన్ని ఉపన్యాసంలోనో వ్యాసంలోనో వాడుకున్నాను, మళ్లీ వాడకూడదు అని తనకు తాను పెట్టుకున్న గుర్తు. కొట్టేసినవే ఆయనకు బాగా నచ్చినవన్నమాట.

ఒక ఉదాహరణ వాక్యం వాక్యంగా చూద్దాం. 1836లో అచ్చయిన ‘ప్రకృతి’ ఎమర్సన్ తొలి పుస్తకం. అడవిలో నిలబడి తానొక పారదర్శకమైన కనుగుడ్డుగా మారిపోయానని, తాను ఏమీ కానని, అన్నీ చూస్తున్నానని చెప్పే భాగం అందులో ప్రసిద్ధం. వ్యంగ్య చిత్రకారులు కూడా దాన్ని వదల్లేదు. ఆ భాగానికి మూలం 1835 మార్చి 19 నాటి డైరీలో ఉంది. అడవిలో నడుస్తుంటే, కళ్లు మిగిలితే చాలు, ప్రకృతి ఓదార్చలేని ఆపద ఏదీ తనకు రాదనిపించిందని అక్కడ రాశాడు. బోసి నేల మీద నిలబడటం, హాయి గాలిలో తల తడవడం, అనంతమైన ఆకాశంలోకి పైకి లేవడం అన్నీ డైరీలోనే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చే మాట మాత్రం వేరు. విశ్వంతో తనకున్న సంబంధాలు తలుచుకుని ఆనందపడుతున్నానని డైరీ చెబుతుంది. కనుగుడ్డు లేదు, ‘నేను ఏమీ కాను’ అన్న ప్రకటనా లేదు. అదే పుస్తకంలో చలిలో ఊరి మైదానం దాటుతూ పొందిన ఆనందం మరో డైరీ పుట నుంచి, 1834 డిసెంబరు నుంచి వచ్చింది. అంటే ఒకే అనుభవంలా చదువుకునే పేరా వేర్వేరు రోజుల ముక్కలతో తయారైంది.

అనుభవాన్ని నిజాయితీగా చెప్పింది డైరీయేనని, అచ్చులోకి వచ్చేసరికి నాటకం చేరిందని ఒక వాదం. రాసేవాడికి తన అనుభవం అర్థమైంది చెక్కేటప్పుడేనని, కనుగుడ్డు దొరికాకే ఆ నడక పూర్తయిందని దానికి ఎదురువాదం. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. సూచికలు తయారుచేసుకున్న మనిషి పుటలను ఆంతరంగిక నివేదనగా చదవడం ఆయన పని తీరుకు సరిపడదు. అలాగని ప్రతి పుటా సరుకు కాదు. మొదటి భార్య ఎలెన్ 1831 ఫిబ్రవరిలో క్షయతో చనిపోయింది. ఏడాది తర్వాత, 1832 మార్చి 29న, ఆమె సమాధికి వెళ్లి శవపేటిక తెరిచానని ఒకే ఒక్క వాక్యం రాశాడు. వివరణ లేదు. దానితో ఏ ఉపన్యాసమూ తయారుచేయలేదు.

చేతిరాత ఆయనదే, మాట మాత్రం ప్రహ్లాదుడిది

ఇంకో చిక్కు ఎత్తిరాతలది. మేరీ మూడీ ఎమర్సన్ అనే మేనత్త చదువు చెప్పించలేదు గాని ఆలోచించడం నేర్పింది. ఆమె మాటలను, ఉత్తరాలను, రోజువారీ రాతలను మేనల్లుడు నాలుగు నోటు పుస్తకాల నిండా ఎక్కించుకున్నాడు. ఎమర్సన్ దస్తూరీలో ఉన్న వాక్యం కాబట్టి ఎమర్సన్ అభిప్రాయమే అనుకుంటే ఆ పుస్తకాల్లో అడుగడుగునా పొరపాటు పడతాం.

మనకు దగ్గరి ఉదాహరణ మరొకటి ఉంది. 1845 నాటి నోటు పుస్తకంలో ఒక భాగం: ఏ ప్రాణి చంపుతుంది, ఏ ప్రాణి చంపబడుతుంది? ఏ ప్రాణి రక్షిస్తుంది, ఏది రక్షింపబడుతుంది? మంచి చెడుల వెంట నడిచేదాన్ని బట్టి ఎవరికి వారే తమను నాశనం చేసుకుంటారు, రక్షించుకుంటారు. కింద విష్ణుపురాణం అని రాశాడు. మన పురాణంలో ఈ మాట అన్నది ప్రహ్లాదుడు. ‘హన్తి రక్షతి చైవాత్మా’ అన్న శ్లోకం ఇంగ్లీషు అనువాదం మీదుగా కాంకర్డ్ చేరింది. పదకొండేళ్ల తర్వాత, 1856లో, కఠోపనిషత్తు అనువాదం చదివాక ఎమర్సన్ నోటు పుస్తకంలో ఒక కవిత చిత్తుప్రతి కనిపిస్తుంది. 1857 నవంబరులో ‘అట్లాంటిక్ మంత్లీ’ తొలి సంచికలో అది ‘బ్రహ్మ’ పేరుతో అచ్చయింది. చంపేవాడు తాను చంపుతున్నాననుకుంటే, చచ్చేవాడు తాను చచ్చాననుకుంటే వాళ్లకు నా దారులు తెలియవు అని అందులో బ్రహ్మమే మాట్లాడుతుంది. అమెరికన్ పాఠకులు ఇదేం తలాతోకా లేని కవిత అని పేరడీలు రాసి నవ్వుకున్నారు.

అచ్చులోని కవిత ఒక్కటే చేతిలో ఉంటే ఎమర్సన్ భారతీయ తత్త్వాన్ని అరువు తెచ్చుకున్నాడని తీర్పు చెప్పవచ్చు, లేదా స్వతంత్రంగా దర్శించాడని పొగడవచ్చు. కాగితాలు రెండు తీర్పులనూ కష్టం చేస్తాయి. హార్వర్డ్‌లో ఉండగా 1821లో ఇదే మనిషి ‘ఇండియన్ సూపర్‌స్టిషన్’ అని, పేరుకు తగ్గట్టే మన మతాచారాలను ఈసడించే పద్యం రాసి కళాశాల సభలో చదివాడు. ఆ పద్యం నుంచి ‘బ్రహ్మ’ దాకా 36 ఏళ్లు. గీతను బౌద్ధగ్రంథం అనుకోవడం ఆ దారిలోని ఒక మజిలీ. ఏ ఒక్క కాగితమూ దారంతా చెప్పదు.

అగ్ని ప్రమాదం, తర్వాత మరో చేయి

1872 జూలై 24 తెల్లవారుజామున ఎమర్సన్ ఇల్లు తగలబడింది. ఇరుగుపొరుగు పరుగున వచ్చి పుస్తకాలనూ కాగితాలనూ బయటికి చేరవేశారు. డైరీలు దక్కాయి. మేనత్త రాతలు కొన్ని అంచులు కాలాయి. అప్పటికే మందగిస్తున్న ఎమర్సన్ జ్ఞాపకశక్తి ఆ తర్వాత వేగంగా క్షీణించింది. ఒప్పుకున్న పుస్తకం పూర్తి చేయలేని స్థితిలో కూతురు ఎలెన్, మిత్రుడు జేమ్స్ ఎలియట్ కాబట్ కలిసి పాత కాగితాల్లోంచి ముక్కలు ఏరి కూర్చారు. అలా 1875లో వెలువడిన వ్యాసాల సంపుటి మీద ఎమర్సన్ పేరే ఉంది. అందులోని వాక్యాలు ఆయనవి, వరుస చాలాచోట్ల కాబట్‌ది. ఎమర్సన్ జీవితకాలంలో అచ్చయింది కాబట్టి పూర్తిగా ఆయన ఆమోదించిన పాఠమే అనడం ఇక్కడ కుదరదు. తన కాగితాల బాధ్యతను ఎమర్సన్ అప్పగించింది కూడా కాబట్‌కే.

కుటుంబం చేసిన పది సంపుటాలు, పండితులు చేసిన పదహారు

కొడుకు ఎడ్వర్డ్, మనుమడు వాల్డో ఎమర్సన్ ఫోర్బ్స్ తెచ్చిన డైరీలు పది సంపుటాలు. హాయిగా చదువుకునేలా ఉంటాయి. అప్పటికే వ్యాసాల్లో చేరిన భాగాలను చాలావరకు వదిలేశారు, మళ్లీ అచ్చు వేయడం దండగని. పాఠకుడి వైపు నుంచి చూస్తే సబబే. కానీ దానివల్ల డైరీకీ వ్యాసానికీ మధ్య ఉన్న దారి మాయమైంది. మరీ సొంత విషయాలనుకున్నవీ తగ్గాయి.

1960 నుంచి 1982 దాకా హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం పదహారు సంపుటాల కొత్త ప్రతి తెచ్చింది. ఇందులో ఏదీ వదల్లేదు. కొట్టివేసిన మాటను ఒక రకం గుర్తుల మధ్య, తర్వాత పైన చేర్చిన మాటను బాణాల మధ్య అచ్చు వేశారు. పదిహేడేళ్ల వయసులో మార్టిన్ గే అనే తోటి విద్యార్థి పట్ల కలిగిన ఆకర్షణ గురించి రాసి, తర్వాత తానే దట్టంగా కొట్టేసిన పంక్తులను కూడా పట్టి చదివారు.

1968లో రచయిత లూయిస్ మమ్‌ఫర్డ్ దీని మీద మండిపడ్డాడు. ఎమర్సన్‌ను ముళ్లకంచె వెనక నిలబెట్టారన్నాడు. గుర్తుల మధ్య చిక్కుకున్న వాక్యాన్ని పండితుడు తప్ప ఎవరూ చదవలేరని ఆయన ఫిర్యాదు. అదే ఏడాది విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ కూడా ఈ తరహా ప్రచురణల మీద విరుచుకుపడటంతో అది దేశవ్యాప్త వివాదమైంది. సంపాదకుల జవాబు కూడా తీసిపారేసేది కాదు: శుభ్రంగా కనిపించే పాఠం అంటే సంపాదకుడు ఏ మాటను ఉంచాడో, ఏది తీశాడో పాఠకుడికి కనబడని పాఠం. కంచె కనిపించడమే మేలు.

ఈ తగువు ఒకరు గెలవడంతో కాకుండా పంపకంతో ముగిసింది. పదహారు సంపుటాలను పరిశోధకులు వాడుతున్నారు. వాటిలోంచి గుర్తులు తీసేసిన ఎంపికలు 1982లోనూ 2010లోనూ సాధారణ పాఠకుల కోసం వచ్చాయి. ఉటంకించేవాళ్లు రెండోదాన్ని చదివి, సందేహం వస్తే మొదటిదాన్ని తెరవడం మంచి అలవాటు.

సగం పుట చదివితే తలకిందులయ్యే ఉదాహరణ

జాతి, బానిసత్వం గురించి ఎమర్సన్ ఏమనుకున్నాడన్నది ఇప్పటికీ వేడి తగ్గని చర్చ. 1822లో, పందొమ్మిదేళ్ల వయసులో, మనుషుల మధ్య అసమానత ప్రకృతి విధించిందేనన్న వాదాన్ని డైరీలో పొడవునా నడిపించాడు. నల్లవారి గురించి అందులో ఉన్న మాటలు ఇవాళ చదవడానికే కష్టంగా ఉంటాయి. అదే రాత చివరికి వచ్చేసరికి, ఎంత నేర్పు గల కుతర్కమైనా వక్రించని మనసును బానిసత్వాన్ని క్షమించేలా ఒప్పించలేదంటాడు. మొదటి భాగాన్ని మాత్రమే ఎత్తి చూపితే ఒక ఎమర్సన్, చివరి వాక్యాన్ని మాత్రమే చూపితే మరో ఎమర్సన్.

పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న 1850 చట్టం వచ్చాక డైరీ భాష మారిపోయింది. చదవడం, రాయడం వచ్చిన మనుషులు పంతొమ్మిదో శతాబ్దంలో ఈ రోత చట్టం చేశారని, దేవుడి తోడు, దీన్ని పాటించనని రాశాడు. ఆ చట్టాన్ని సమర్థించిన రాజకీయ నాయకుడు వెబ్‌స్టర్ నోట స్వేచ్ఛ అనే మాట వేశ్య నోట ప్రేమ అనే మాటలా వినిపిస్తోందన్నాడు. కోపం డైరీకే పరిమితం కాలేదు. 1851లో కాంకర్డ్‌లో ఆ చట్టానికి వ్యతిరేకంగా బహిరంగంగా ప్రసంగించాడు.

చరిత్రకారుల్లో ఒక వర్గం ఈ కాలపు ఎమర్సన్‌ను బానిసత్వ వ్యతిరేక పోరాటంలో నిలబెడుతుంది. మరో వర్గం 1856లో ఇంగ్లండ్ గురించి రాసిన పుస్తకంలో శాక్సన్ జాతి గొప్పతనాన్ని ఆయన ఎలా కీర్తించాడో చూపుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: ఆ జాతి పొగడ్త రహస్యపు డైరీలో కాదు, అచ్చు పుస్తకంలో ఉంది. చెడు అంతా ప్రైవేటు కాగితాల్లో, మంచి అంతా వేదిక మీద ఉంటుందన్న లెక్క ఈ మనిషి దగ్గర పనిచేయదు.

ఆయనే మరొకరి కాగితాలకు బాధ్యుడైనప్పుడు

తన కాగితాల విషయంలో ఎంత జాగ్రత్తపరుడో, మిత్రురాలి కాగితాల విషయంలో అంత కాదు. రచయిత్రి మార్గరెట్ ఫుల్లర్ 1850 జూలైలో ఇటలీ నుంచి తిరిగివస్తూ న్యూయార్క్ సమీపంలోని ఫైర్ ఐలండ్ దగ్గర ఓడ మునిగి భర్త, పసిబిడ్డతో సహా మరణించింది. రోమ్ విప్లవం మీద ఆమె రాసిన పుస్తకం ప్రతి కూడా సముద్రం పాలైంది. వెతకమని ఎమర్సన్ తన మిత్రుడు, రచయిత థోరోను తీరానికి పంపాడు, దొరకలేదు. 1852లో ఎమర్సన్, మరో ఇద్దరు పాస్టర్లు, విలియం హెన్రీ చానింగ్, జేమ్స్ ఫ్రీమన్ క్లార్క్, కలిసి ఆమె జ్ఞాపకాల సంపుటి తెచ్చారు. ఆమె డైరీలను, ఉత్తరాలను కత్తిరించి అతికారు, పంక్తుల మీద సిరా పూశారు, వాక్యాలు మార్చారు. ఆమె పరువు కాపాడుతున్నామనే అనుకున్నారు. ఆ సంపాదకుల చేతుల్లో పోయిన పుటలు తిరిగి రాలేదు. తన చిత్తుకాగితాల్లో ఒక్కటీ పారేయని మనిషి ఇందులో భాగస్వామి కావడం నాకు మింగుడు పడదు.

కాగితం ఒకరిది, మాటల హక్కు మరొకరిది

చివరి చిక్కు చట్టానిది. కాగితం ఎవరి దగ్గర ఉంటే దానిమీది మాటల మీద హక్కు కూడా వాళ్లదే అనుకుంటారు. చట్టం దృష్టిలో అవి రెండు వేర్వేరు ఆస్తులు. ఉత్తరం అందుకున్నవారు ఆ కాగితానికి యజమాని, దాన్ని అమ్ముకోవచ్చు. అచ్చు వేసే హక్కు మాత్రం రాసినవారిది, తర్వాత వారి వారసులది.

అమెరికాలో 1978 నాటికి అచ్చు కాని పాత రచనలకు రచయిత జీవితకాలం, ఆపై 70 ఏళ్లు రక్షణ. ఎమర్సన్ లెక్కన అది 1952తోనే తీరిపోవాలి. కానీ చట్టం ఇలాంటి రచనలకు 2002 చివరిదాకా గడువు ఇచ్చింది. ఆలోగా అచ్చు వేస్తే రక్షణ 2047 చివరిదాకా సాగుతుందని కూడా చెప్పింది. దీన్ని ఎమర్సన్ పెట్టెలకు వర్తింపజేస్తే వచ్చే ఫలితాలు విచిత్రంగా ఉంటాయి. కుటుంబం 1909–1914 మధ్య అచ్చు వేసిన డైరీ భాగాలు, గీత గురించిన వాక్యంతో సహా, ఎవరైనా వాడుకోవచ్చు. పాస్టరు రోజుల ప్రసంగాల్లో 25 మాత్రం 1938లో అచ్చయ్యాయి, మొత్తం నాలుగు సంపుటాలుగా 1989–1992 మధ్య వచ్చాయి. 1830లో బోస్టన్ చర్చిలో సంఘమంతా విన్న ఒక ప్రసంగం ఆ నాలుగు సంపుటాల్లోనే తొలిసారి అచ్చయి ఉంటే, దానికి 2047 చివరిదాకా రక్షణ ఉంటుంది. ఆ సంపుటాల్లో గానీ మరెక్కడైనా గానీ 2002లోగా అచ్చు కాని కాగితం ఏదైనా ఉంటే, దాని మీది మాటలు 2003 జనవరి 1 నుంచి అందరివీ.